పన్నెండు మూరల తెల్లచీర

ఖరగ్‌పూర్‌లో మా రైల్వే క్వార్టర్ల వైపు జోగమ్మ ఎరగని తెలుగిల్లు లేదు. ఆమె పేరు ఎరగని ఇళ్ళు మాత్రం బోలెడు. "స్టీలు సామాన్లామె వచ్చింది" అంటారు, లేకపోతే "పాతబట్టలామె" అంటారు. ముప్పై ఏళ్ళుగా మన గడపలో కూర్చుని మన చిరుగులన్నీ చూసిన మనిషికి ఒక పేరుంటుందని ఎవరికీ తోచకపోవడం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. బడిలో పాఠాలు చెప్పి రిటైరయినదాన్ని. పేరు పెట్టి పిలవకుండా ఏ పిల్లనీ లేపి ప్రశ్న అడిగి ఎరగను. అందుకని ముందే రాస్తున్నాను, ఆమె పేరు జోగమ్మ. తండ్రి శ్రీకాకుళం వైపునుంచి వచ్చి ఇక్కడి వర్క్‌షాపులో ఖలాసీగా చేశాడు. మొగుడు నూకరాజు సామాను మోసి మోసి నడుం పోగొట్టుకుని, ఇప్పుడు ఇంటి అరుగుమీద కూర్చుని పాత చొక్కాలకి గుండీలు ఊడదీస్తుంటాడు.

పొద్దున్నే నెత్తిమీద స్టీలు గిన్నెల బుట్టతో బయల్దేరుతుంది జోగమ్మ. రెండు పాత చీరలూ ఒక ప్యాంటూ ఇస్తే ఒక గిన్నె. ఇంకో చొక్కా వేస్తే దానికో మూత. బేరం దగ్గర ఆమె నోరు గయ్యాళిదే. "ఈ పేంటు మోకాలికాడ సూడండి, జల్లెడలాగున్నాది. దీనికి మూత కావాలేటి?" అంటుంది. మనం "పోనీలే, వద్దు" అంటే, మూత మన చేతిలో పెట్టి మరీ వెళుతుంది. ఎండాకాలం వచ్చిందంటే ఐఐటీ పక్కనున్న ప్రేమ్ బజార్ వైపు వెళ్ళి, చదువులు ముగించుకుని గదులు ఖాళీ చేసే పిల్లల దగ్గర బట్టలు పోగుచేసుకొస్తుంది. ఒకసారి వాళ్ళ కాలేజీ పండగ పేరు అచ్చేసిన టీషర్టులు ఒక మూటంత దొరికాయి. ఆ ఏడాదంతా ఊళ్ళో తాపీపనివాళ్ళు సగంమంది ఇంజినీర్లలాగే తిరిగారు.

సాయంత్రం ఇంటికెళ్ళాక ఆ బట్టలన్నీ మూడు కుప్పలవుతాయి. కట్టేవి, కుట్టేవి, తుడిచేవి. ఇంకా కట్టుకోవడానికి పనికొచ్చేవి సంతకి పోతాయి. మెత్తబడిన నూలు చీరలు, పొరలు పొరలుగా వేసి కాంథా బొంతలు కుట్టే బెంగాలీ ఆడవాళ్ళకి పోతాయి. దేనికీ పనికిరానివాటిని జోగమ్మ కత్తిపీట ముందు కూర్చుని మూర మూర చొప్పున కోస్తుంది. అవి గోల్‌బజార్ గోదాములో మూటలుగా కట్టి, గ్రీజు తుడుచుకోవడానికి గ్యారేజీలకి పంపుతారు. తుడిచే గుడ్డకి పాత నూలుకి మించింది లేదట, కొత్త గుడ్డ నూనె పీల్చదట. మనుషుల్లోనూ అంతే అనేవారు స్వర్ణకుమారిగారు.

ఈ కథ ఆవిడదీ జోగమ్మదీ. స్వర్ణకుమారిగారు మా పక్క క్వార్టరు. భర్త సత్యవేదంగారు వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి, పోయి తొమ్మిదేళ్ళయింది. కొడుకు జెఫ్రీ రైలింజను నడుపుతాడు, నెలలో సగం రోజులు లైను మీదే ఉంటాడు. ఇంట్లో అత్తా, కోడలు దోర్కా. దోర్కా మంచి పిల్ల, కాకపోతే అన్నిటికీ తొందర. ఇల్లు అలకగానే పండగ కాదని ఆ పిల్లకి ఎవరూ చెప్పినట్టు లేదు.

నిరుడు డిసెంబరు మొదట్లో స్వర్ణకుమారిగారికి గుండె నీరసించి ఆసుపత్రిలో చేర్చారు. క్రిస్మస్‌కి ఇంటికి సున్నం వేయించాలి, అత్తగారు వచ్చేసరికి ఇల్లు అద్దంలా ఉండాలని దోర్కా పట్టుదల. మంచం కింది ట్రంకుపెట్టె ఈడ్చి, అందులో ఉన్న మామగారి పాత ప్యాంట్లూ, స్వెట్టర్లూ, అడుగున ఉన్న ఒక దిండు గలేబూ అన్నీ ఒక దుప్పట్లో మూటగట్టింది. అంతలో జోగమ్మ కేక వినబడింది.

జోగమ్మకి ఒక నియమం ఉంది. మూట విప్పకుండా తీసుకోదు. ఇంటివాళ్ళ ఎదురుగానే ఒక్కొక్క బట్టా దులిపి, జేబులు తిరగేసి, చెంగు ముడులు తడిమి, "ఇది ఇచ్చిందేనామ్మా?" అని అడుగుతుంది. అలా అడగబట్టే మా వీధిలో ఒకరి ముక్కుపుడకా, ఒకరి బీరువా తాళంచెవీ నిలిచాయి. ఆ రోజు కూడా అన్నీ అడిగింది. ప్యాంట్లు అడిగింది, స్వెట్టర్లు అడిగింది. దిండు గలేబులో చేయి పెట్టి చూస్తే తెల్లచీర. అంచు లేదు, బుటాలు కూడా తెలుపే. దాన్ని మాత్రం అడగలేదు. గబుక్కున మళ్ళీ లోపలికి తోసేసింది.

ఎందుకు అడగలేదో తరవాత నాతో చెప్పింది. "మొగుడు పోయినప్పుడు పెద్దమ్మగోరు కట్టిన సీర అనుకున్నాను టీచరమ్మా. ఆయమ్మ ఆసుపత్రిలో ఉన్నాది. కోడలి నోటంట ఆ మాట అనిపించడం దేనికి, అపశకునం కాదేటి?" ఆమె మర్యాదే ఆమె కొంప ముంచింది.

ఇంటికెళ్ళాక ఆ చీరని ఏ కుప్పలో వెయ్యాలో కూడా ఆ మర్యాదే చెప్పింది. కట్టేవాటిలో వెయ్యలేదు. సంతలో ముత్తైదువ ఎవరైనా తెలియక కొనుక్కుపోతే ఎలా? కుట్టేవాటిలోనూ వెయ్యలేదు. కాంథా బొంతలు పసిపిల్లల కిందికి వేస్తారు, వాళ్ళ కిందికి ఇలాంటి గుడ్డ వెళ్ళకూడదు. ఇక మిగిలింది తుడిచేవే. కత్తిపీట ముందు కాలు మడిచి కూర్చుని పన్నెండు మూరల చీరని పన్నెండు ముక్కలు చేసింది.

అయిదో రోజున స్వర్ణకుమారిగారు ఇంటికొచ్చారు. మంచంమీద కూర్చోగానే, "దోర్కా, ట్రంకుపెట్టెలో దిండు గలేబుంటాది, ఇలా తే. నా సీర సూసుకోవాల" అన్నారట. అది ఆవిడ పెళ్ళిచీర. పాస్టరుగారి ముందు, చర్చిలో సత్యవేదంగారి పక్కన నిలబడినప్పుడు కట్టుకున్న చీర. తరవాత జెఫ్రీ బాప్తీస్మానికి ఒకసారి కట్టారు. అప్పటినుంచి ఏటా ఉతికి, గంజి పెట్టకుండా ఆరేసి, మడత మార్చి దాస్తున్నారు, సమాధిలోకి దానితోనే వెళ్ళాలని. వాళ్ళలో చాలామంది పెద్దవాళ్ళకి ఆ అలవాటుంది. పెళ్ళికి తెలుపు, పోయేనాటికీ అదే తెలుపు. జెఫ్రీకి ఆ సంగతి తెలుసు. దోర్కాకి ఎవరూ చెప్పలేదు.

"ఇస్త్రీకిచ్చాను అత్తమ్మా" అనేసింది దోర్కా. అని, తిన్నగా మా ఇంటికొచ్చి వంటింట్లో కూలబడి ఏడ్చింది. నేను జోగమ్మకి కబురు చేశాను. వచ్చింది, విన్నది, బుట్ట దించడం కూడా మరచిపోయి అలాగే నిలబడిపోయింది.

"ఓలమ్మో. నానే కోసేసినాను" అంది. "నా సేత్తోనే కోసేసినాను."

"డాక్టరుగారు ఆవిడకి ఏ బాధా తగలనివ్వద్దన్నారు" అంది దోర్కా. "గోల్‌బజార్లో అలాటిదే ఇంకోటి కొనేస్తాను. నువ్వు నోరు మెదపకు జోగమ్మా."

నేను కూడా దోర్కా మాటే బావుందన్నాను. రాసేటప్పుడైనా దాచకూడదు కదా. పిల్లలకి నలభై ఏళ్ళు సత్యం పలకమని చెప్పినదాన్ని, ఆ పూట అబద్ధానికే ఓటేశాను. చెప్పి చంపడంకంటే చెప్పక బతికించడం మేలనిపించింది.

 జోగమ్మ బుట్ట మా ఇంట్లో వదిలేసి, టోటో రిక్షా ఎక్కి గోల్‌బజార్ గోదాముకి పోయింది. ఆ గోదాము యజమాని బెంగాలీ దాదా. మూట కట్టేశాం, విప్పితే మళ్ళీ ఎవరు కడతారని గసిరాడట. "నాను కడతాను దాదా, నాలుగు మూటలు కట్టమన్నా కడతాను" అని కూర్చుని మూటలన్నీ విప్పించింది. తొమ్మిది ముక్కలు దొరికాయి. మిగతా మూడూ బైపాస్ పక్కన ఒక లారీ గ్యారేజీకి వెళ్ళాయన్నారు. అక్కడికి పోయింది. రెండు ముక్కలు ఇంకా మడతలోనే ఉన్నాయి. మూడోది మెకానిక్కు చేతిలో ఉంది, ఇంజను తుడుస్తున్నాడు. తన కొంగు చించి ఇచ్చి, అది తీసుకుందిట.

మూడు రోజులు ఉతికింది. గ్రీజు ముక్కని కిరసనాయిల్లో నానబెట్టింది, సోడాలో ఉడకబెట్టింది. నలుపు బూడిదరంగయింది తప్ప తెలుపవలేదు. ఈలోగా దోర్కా గోల్‌బజార్ అంతా తిరిగి కొత్త తెల్లచీర కొనుక్కొచ్చి, రెండుసార్లు ఉతికి పాతబరిచింది. ఇద్దరూ మా ఇంట్లోనే కలుసుకున్నారు.

"ఆ ముక్కలు అవతల పారెయ్యి" అంది దోర్కా. "ఇది గలేబులో పెట్టి ఇచ్చేస్తాను."

"వొద్దు దోర్కమ్మా" అంది జోగమ్మ.

"ఆవిడకి ఏమైనా అయితే నువ్వు పూచీ పడతావా?" అన్నాను నేను, కాస్త గట్టిగానే.

జోగమ్మ నా వైపు చూసింది. "టీచరమ్మా, ఆయమ్మ కట్టుకుని పోయే బట్ట అది. మొగుడు ఎదురొస్తాడనీ, ఆ సీర సూసి పోల్చుకుంటాడనీ దాసుకున్నాది. అక్కడికెళ్ళినాక ఇది నాది కాదని తెలిస్తే ఎవులికి సెప్పుకుంటాది?"

 దోర్కా కొత్త చీర మడిచి పక్కన పెట్టేసింది. నాకు సిగ్గేసింది.

ఆ మధ్యాహ్నం ముగ్గురం కలిసే వెళ్ళాం. స్వర్ణకుమారిగారు కిటికీ పక్కన మంచంమీద దిళ్ళకి ఆనుకుని కూర్చున్నారు. జోగమ్మ నేలమీద కూర్చుని మూట విప్పింది. పన్నెండు ముక్కలూ ఒకదాని పక్కన ఒకటి పరిచింది.  ఆవిడ వంగి ఒక ముక్క తీసుకుని బుటాని వేలితో తడిమారు.

"ఎవులు కోసినారు?"

"నానేనమ్మగోరూ."

"ఎందుకు కోసినావే?"

జోగమ్మ దాచలేదు. "తెల్లగున్నాది కదాని... అయ్యగోరు పోయినప్పటి సీరనుకున్నాను. అడగడానికి నోరు రానేదు."

స్వర్ణకుమారిగారికి అంత కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు. ఆవిడ ముఖం ఎర్రబడితే దోర్కా మందుల డబ్బా వెతికింది. "నా పెళ్ళిసీర నీకు మొగుడు పోయిన సీరలాగ అగుపించిందేటే? ఒలే జోగమ్మా, నీ పెళ్ళికి మూర్తం బట్టలు ఏ రంగు?"

"పసుపు అమ్మగోరూ."

"పసుపులో ముంచకముందు?"

జోగమ్మ తల వంచుకుంది. "తెలుపే."

"మరి?" అన్నారావిడ. ఆ ఒక్క మాట తరవాత గోడ వైపు తిరిగి పడుకున్నారు. జోగమ్మ ముక్కలు ఏరుకుని బయటికొచ్చి, మెట్లమీద కూర్చుని నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

రెండు రోజులు స్వర్ణకుమారిగారు ఎవరితోనూ మాట్లాడలేదు. దోర్కా పెట్టింది తిన్నారు, ఇచ్చిన మందు మింగారు, అంతే. నేను వెళితే కళ్ళు మూసుకున్నారు. నా పెద్దరికానికి తగిన శాస్తే జరిగిందనుకున్నాను. మూడో రోజు పొద్దున దోర్కాని పిలిచి, "దాన్ని సూదీ దారం అట్టుకుని రమ్మను" అన్నారు.

జోగమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది.

"నువ్వు కోసినావు, నువ్వే కుట్టు" అన్నారావిడ. "మిషనుమీద కాదు. ఇక్కడ కూకుని, నా కళ్ళ ముందర కుట్టు."

అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం, ఇళ్ళు తిరగడం అయిపోయాక, జోగమ్మ ఆ మంచం పక్కన కూర్చుని కుట్టేది. బొంతలు కుట్టే బెంగాలీ ఆడవాళ్ళ దగ్గర చూసి నేర్చిన సన్న కుట్టు. బుటా పక్కన బుటా పడాలని ఆవిడ పట్టు. ఒక్క నూలుపోగు అటూ ఇటూ అయితే "ఇప్పు" అనేవారు. జోగమ్మ విప్పేది. తిట్లతో మొదలైన కూర్పు మెల్లగా కబుర్లలోకి దిగింది. ఒక రోజు నేను వెళ్ళేసరికి ఇద్దరూ నవ్వుకుంటున్నారు.

గ్రీజు ముక్క దగ్గరకొచ్చేసరికి జోగమ్మ చెయ్యి ఆగింది. "ఇది ఒగ్గేద్దామమ్మగోరూ. ఎంత ఉతికినా పోనేదు. దోర్కమ్మ తెచ్చిన కొత్త సీరలోంచి ఒక మూర వేద్దాము."

"ఆ కొత్త సీర దోర్కానే కట్టుకోమను, పండక్కి" అన్నారు స్వర్ణకుమారిగారు. "ఇది ఇలాగే కుట్టు. పెళ్ళినాడు ఆయన డ్యూటీ దిగి తిన్నగా చర్చికొచ్చినాడే. మూడుసార్లు సబ్బెట్టి కడిగినా గోళ్ళలో గ్రీజు పోనేదు. నా సెయ్యి పట్టుకుంటే సిగ్గుతో సచ్చిపోనాడు. గ్రీజు నాకు కొత్తేటి?"

దోర్కా వంటింట్లోంచి ఆ మాట విని, పమిటతో కళ్ళు ఒత్తుకుంటూ వచ్చి అత్తగారి కాళ్ళ దగ్గర కూర్చుంది. ఆ చీర కట్టుకునే క్రిస్మస్‌కి చర్చికి వెళ్ళింది. ఆ పిల్లకి బాగా నప్పింది.

కుట్టడం జనవరిలో అయిపోయింది. అప్పుడు మొదలైంది జోగమ్మ బెంగ. పదకొండు అతుకులు. ఒక్కొక్క అతుకూ అటు కాస్తా ఇటు కాస్తా గుడ్డ తినేసింది. కత్తిపీట మీద వంకరపోయిన అంచులు సరిచేయడంలో ఇంకొంచెం పోయింది. పన్నెండు మూరల చీర పదకొండుకి దిగింది. నా ఎదుట ఎన్నిసార్లు మూర వేసి కొలిచిందో లెక్కలేదు. స్వర్ణకుమారిగారు దిట్టమైన మనిషి, పొడుగరి.

"సాలదేమో టీచరమ్మా" అనేది. "కుచ్చిళ్ళు రాకపోతే ఏటి సేసేది? నలుగురిలో ఆయమ్మ ఒంటిమీద బట్ట సాలకపోతే ఆ పాపం నాదే కదా."

"ఆవిడే ఏమీ అనలేదు, నీకెందుకే?" అని కసిరేదాన్ని. ఆవిడ నిజంగానే ఏమీ అనలేదు. మడత పెట్టించి, దిండు గలేబులో వేయించి, తల కింద పెట్టుకున్నారు.

ఫిబ్రవరి రెండో వారంలో, పొద్దున టీ తాగి, గ్లాసు దోర్కా చేతికిచ్చి, స్వర్ణకుమారిగారు కన్నుమూశారు. జెఫ్రీ అదృష్టంకొద్దీ ఇంట్లోనే ఉన్నాడు. చర్చి ఆడవాళ్ళు వచ్చి స్నానం చేయించారు. జోగమ్మ కూడా వచ్చింది, కానీ గేటు బయటే నిలబడింది. వాళ్ళ పద్ధతులు వాళ్ళకుంటాయి, నేను ముట్టుకోవచ్చో లేదో అని నాతో గొణిగింది.

లోపలినుంచి దోర్కా వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. "రా జోగమ్మా, నువ్వే కట్టాలి. ఏ ముక్క ఎక్కడ పడాలో మాకెవరికీ తెలీదు."

చర్చి పెద్దావిడ ఒకామె ఏదో అనబోయింది. దోర్కా ఆ వైపు చూడనైనా లేదు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. జోగమ్మ కాళ్ళూ చేతులూ కడుక్కుని వెళ్ళి, గలేబులోంచి చీర తీసి, తలకి తాకించుకుంది. ఇద్దరు ఆడవాళ్ళు ఒళ్ళు ఎత్తి పట్టుకుంటే, చీర చుట్టి, కుచ్చిళ్ళు పోసింది. అతుకులన్నీ ఏరి ఏరి కుచ్చిళ్ళ లోపలికీ ఒంటి కిందికీ మడిచింది. గ్రీజు ముక్క కుడిచేతి కిందికి వచ్చేలా సర్దింది. చెంగు భుజంమీదనుంచి తెచ్చి, గుండెల మీద పరిచి, బుటాలు వేలితో సరిచేసింది. దగ్గరికెళ్ళి చూస్తే తప్ప అతుకు కనిపించలేదు. పెళ్ళిపీట మీద కూర్చోబెట్టడానికి ముస్తాబు చేసినట్టుంది.

పని అయ్యాక బయటికొచ్చి అరుగుమీద నా పక్కన కూలబడింది. అరచేతులు మోకాళ్ళమీద పెట్టుకుని వాటినే చూసుకుంది.

"సాలదని ఇన్నాళ్ళూ బయపడి సచ్చినాను టీచరమ్మా" అంది. "రెండు సుట్లు సుట్టినాను, కుచ్చిళ్ళు నిండుగా పోసినాను. ఇంకా మూర మిగిలిపోనాది. అంత సన్నబడిపోనాదమ్మ, నా ఎదటే కూకుని, నాకు తెలీకుండా."

అని, గొంతెత్తి ఏడ్చింది.